ఇంటి పద్దు: నెల నెలా రాని ఖర్చుకు నెల నెలా వాటా

పదకొండేళ్ల కిందట ఒకే నెలలో మూడు పెద్ద ఖర్చులు మా మీద పడ్డాయి. పిల్లలిద్దరి ఫీజులు, ఏడాదికోసారి కట్టే బీమా ప్రీమియం, మా వారి బండి ఇంజన్ రిపేరు. మూడూ తప్పనివే. చేతిలో అంత డబ్బు లేక క్రెడిట్ కార్డు వాడాం. ఆ బాకీ తీరడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ పిల్లలు ఏది అడిగినా ‘తర్వాత చూద్దాం’ అనే మాటే నా నోట వచ్చేది. కూరగాయలు కొనేటప్పుడు కూడా ఒకటికి రెండుసార్లు లెక్క వేసుకునేదాన్ని. అంత బిగించుకున్నా నెలాఖరుకు ఏమీ మిగిలేది కాదు. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

బాకీ తీరిన వారమే ఒక తెల్లకాగితం తీసుకుని, ఆ ఏడాదంతా దేనికెంత అయిందో గుర్తున్నంత మేరకు రాశాను. రాస్తుంటే ఒక సంగతి కళ్లకు కట్టినట్టు కనిపించింది. మమ్మల్ని అప్పులోకి నెట్టింది రోజువారీ ఖర్చు కాదు. ఫీజు ఏటా అదే నెలలో కడతాం. ప్రీమియం తేదీ పాలసీ కాగితం మీదే అచ్చు వేసి ఉంది. బండి అన్నాక ఎప్పుడో ఒకప్పుడు రిపేరుకు వస్తుంది. వస్తాయని తెలిసిన ఖర్చుల కోసమే మేం ఏమీ పక్కన పెట్టలేదు.

అప్పటి నుంచి పద్దు రాస్తున్నాను. ఇప్పుడు పదో పుస్తకం నడుస్తోంది. మా వారిది నెలజీతం, నేను ఇంట్లో బట్టలు కుడతాను. అత్తయ్య, ఇద్దరు పిల్లలు, మేమిద్దరం, మొత్తం ఐదుగురం. ఈ పనికి కూడిక, తీసివేత, భాగహారం వస్తే చాలు. కింద లెక్కలన్నీ వందలోనే చెబుతాను. మీ ఇంటి నెల ఆదాయం ఎంతైనా దాన్ని వంద అనుకోండి, మిగతా అంకెలు మీ ఇంటికి సరిపడేలా మార్చుకోవచ్చు.

మొదటి నెల రాయడమే, కోతలు వద్దు

పద్దు మొదలుపెట్టిన రోజే ఖర్చులు తగ్గించాలని చాలామందికి ఉంటుంది. నా మాట విని ఒక్క నెల ఆగండి. ఆ నెలలో మామూలుగా ఎలా ఖర్చు పెడతారో అలాగే పెట్టండి, కాకపోతే ప్రతిదీ రాయండి. ముందే బిగించుకుంటే మీ అసలు ఖర్చు ఎంతో మీకే తెలియదు. ఆ తప్పుడు లెక్క మీద కట్టిన బడ్జెట్ రెండో నెలలోనే కూలిపోతుంది.

ఒక వరుసలో నాలుగు విషయాలు రాస్తే సరిపోతుంది: తారీకు, ఎంత, దేనికి, ఎవరు పెట్టారు. నేను రాత్రి వంటిల్లు సర్దాక ఐదు నిమిషాలు కూర్చుంటాను. ఒక రోజు మానేస్తే మర్నాడు గుర్తు తెచ్చుకోవచ్చు. మూడు రోజులు మానేస్తే ఇక గుర్తుండదు. అలాంటప్పుడు చేతిలో ఉన్న డబ్బు లెక్కపెట్టి, తేడాను ‘తెలియని ఖర్చు’ అని రాసి ముందుకు వెళ్లండి. తేడా దొరకలేదని పుస్తకమే పక్కన పడేయడం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

ఫోన్‌తో చెల్లించే చిన్న చిన్న మొత్తాలే ఎక్కువగా జారిపోతాయి. నోటు తీసి ఇస్తే చెయ్యి కాస్త ఆగుతుంది, పర్సు పలచబడడం కంటికి కనిపిస్తుంది. ఫోన్‌లో ఆ ఆగడం ఉండదు. అందుకని గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, ఒక్కో వరుస పక్కన అది దేనికో పెన్సిల్‌తో రాయండి. నేను మొదటిసారి ఆ పని చేసినప్పుడు, మా అబ్బాయి ఆడడం మానేసి ఎనిమిది నెలలైన ఒక ఆటకు నెల నెలా డబ్బు కట్ అవుతోందని తెలిసింది.

యాప్‌లో రాయాలా, పుస్తకంలో రాయాలా అని అడిగితే నేను పుస్తకమే అంటాను. చేత్తో రాస్తే అంకె మనసులో నిలుస్తుంది. ఇంట్లో వాళ్లెవరైనా తీసి చూడవచ్చు. జపాన్‌లో హానీ మోతోకో అనే పత్రికా విలేఖరి 1904లోనే ఇళ్ల కోసం ఇలాంటి లెక్కల పుస్తకం తయారు చేసింది. వాళ్లు దాన్ని కకేబో అంటారు, నేటికీ అక్కడ ఆ పేరుతో పుస్తకాలు వస్తున్నాయి. ఫోన్‌లో రాయడమే మీకు సులువైతే అలాగే రాయండి. కాకపోతే ఖర్చుల్ని యాప్ దానంతటదే విడదీసి చూపిస్తే దాన్ని నమ్మి వదిలేయకండి, వారానికోసారి కళ్లతో చదవండి.

పన్నెండు గడుల కాగితం

ఈ వ్యాసంలో ఒక్క పనే చేస్తాను అనుకుంటే ఇది చేయండి. ఒక పెద్ద కాగితం మీద పన్నెండు గడులు గీయండి, నెలకొకటి. నెల నెలా రాకుండా ఎప్పుడో ఒకసారి వచ్చే ఖర్చులన్నీ వాటి నెల గడిలో రాయండి. ఫీజులు, బీమా, పన్నులు, బట్టలు, పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ ఇచ్చే కానుకలు, పంటి డాక్టరు, కళ్లజోడు, బండి సర్వీసు, ఇంటి మరమ్మతు, ఏడాది చందాలు. ఏ నెలలో వస్తుందో తెలియని వాటిని కాగితం అంచున విడిగా రాయండి. ఇంట్లో అందరినీ అడగాలి. మా ఇంట్లో కళ్ల పరీక్ష సంగతి అత్తయ్య గుర్తు చేశారు, బండి టైర్ల సంగతి మా వారు చెప్పారు. నా ఒక్కదానికే అయితే తోచేవి కావు.

ఇప్పుడు కూడండి. ఉదాహరణకు ఫీజులు 60, బీమా 24, బట్టలు 20, బండి 18, పన్నులు 15, కానుకలు 15, వైద్యం 12, ఇంటి మరమ్మతు 10, చందాలు 6 అనుకుందాం. మొత్తం 180. అంటే దాదాపు రెండు నెలల ఆదాయం. పన్నెండుతో భాగిస్తే నెలకు 15. నెల ఆదాయం 100లో ఈ 15 చేతికి వచ్చినా మనది కాదు, రాబోయే నెలలది. చాలా ఇళ్లలో అంతా బాగానే ఉన్నట్టుండి మధ్యలో హఠాత్తుగా అప్పు ఎందుకు పుడుతుందో ఈ ఒక్క అంకెలో ఉంది.

ఆ 15ని ఒకటో తారీకునే వేరే ఖాతాలోకి పంపండి. దానికి కార్డు తీసుకోవద్దు, ఫోన్‌లోని చెల్లింపు యాప్‌తో కలపొద్దు. మేం దాన్ని ‘ఏడాది ఖాతా’ అని పిలుస్తాం. ఏ ఖాతాలో ఉన్నా డబ్బు డబ్బే కదా అని మా వారు మొదట్లో అన్నారు. లెక్క ప్రకారం ఆయన మాట నిజమే. కానీ మనిషి మనసు అలా పని చేయదు. ఒక పేరు పెట్టి పక్కన ఉంచిన డబ్బును తీయడానికి చెయ్యి వెనకాడుతుంది. ఇలా మనసులో డబ్బును అరలు అరలుగా విడదీసుకోవడం గురించి రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త ఏళ్ల తరబడి పరిశోధించాడు. 2017లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ మనస్తత్వం వల్ల మనుషులు పొరపాట్లు కూడా చేస్తారు, కానీ ఇంటి పద్దులో దాన్ని మనకు పనికొచ్చేలా వాడుకోవచ్చు.

మొదటి ఏడాది ఒక చిక్కు ఉంటుంది. ఫీజు 60 ఇంకో నాలుగు నెలల్లోనే కట్టాలంటే పన్నెండుతో భాగించి లాభం లేదు, నాలుగుతో భాగించాలి. అంటే ఆ ఫీజుకే నెలకు 15 పక్కన పెట్టాలి. అందుకని మొదటి ఏడాది బరువుగా ఉంటుంది. అంత కుదరకపోతే కుదిరినంత పెట్టండి. 60కి 35 కూడినా మిగతా 25కే వెతుక్కోవాల్సి వస్తుంది. మాకు మొదటి ఏడాది సగమే కూడింది. ఆ సగం వల్లే కార్డు జోలికి పోకుండా మా అన్నయ్య దగ్గర రెండు నెలల చేబదులుతో గట్టెక్కాం.

నెల లెక్క కట్టే పద్ధతి

పేజీ పైన ఆదాయం రాయండి. పన్నులు, కోతలు పోను చేతికి వచ్చేదే ఆదాయం. దాని కింద ఏడాది ఖాతా వాటా, ఆ తర్వాత అప్పుల వాయిదాలు, ఆ తర్వాత అద్దె, సరుకులు, కరెంటు, మందులు, ప్రయాణం లాంటి తప్పనివి. మిగిలినది అందరి సరదాలకు, పొదుపుకు. వరుస ముఖ్యం. చివర్లో ఏం మిగిలితే అది దాద్దాం అనుకున్న నెలల్లో మాకు ఎప్పుడూ ఏదీ మిగల్లేదు.

ఇక్కడ రెండు చిన్న లెక్కలు చాలామందిని మోసం చేస్తాయి. వారానికోసారి పెట్టే ఖర్చును నాలుగుతో గుణించి నెల ఖర్చు అనుకుంటాం. ఏడాదికి 52 వారాలు, నెలకు సుమారు 4.33 పడతాయి. నాలుగుతో గుణిస్తే ఏడాదిలో నాలుగు వారాల ఖర్చు లెక్కలోకే రాదు. అలాగే 28 రోజుల గడువుండే ఫోన్ ప్లాన్ నెల ప్లాన్ కాదు. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు కట్టాలి. ఆ పదమూడోదాన్ని కూడా పన్నెండు గడుల కాగితంలో రాసుకోండి.

దేనికి ఎంత శాతం ఉండాలని చాలామంది అడుగుతారు. అవసరాలకు 50, కోరికలకు 30, పొదుపుకు 20 అనే సూత్రం మీరూ వినే ఉంటారు. అమెరికాలో న్యాయశాస్త్రం బోధించిన ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమేలియా 2005లో దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. గుర్తుపెట్టుకోవడానికి సులువే, కానీ మీ ఇల్లు అందులో ఇమడకపోతే కుంగిపోకండి. జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ ఎంగెల్ అనే గణాంక నిపుణుడు 1857లోనే కుటుంబాల లెక్కలు చూసి ఒక మాట చెప్పాడు: ఆదాయం తక్కువయ్యే కొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుంది. తక్కువ సంపాదన ఉన్న ఇంట్లో అవసరాలకే 75 పోతే అది దుబారా కాదు. అలాంటి ఇంటికి కోరికలు తగ్గించుకోమని చెప్పడం అన్యాయం. మీ పోయిన నెలతో మీ ఈ నెలను పోల్చుకోండి, పక్కింటి శాతాలతో కాదు.

నాలాగా ఆదాయం ఒక్కో నెల ఒక్కోలా ఉండేవాళ్లు గత పన్నెండు నెలల్లో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెలను తీసుకుని, ఆ మొత్తంతో బడ్జెట్ వేయండి. అంతకంటే ఎక్కువ వచ్చిన నెలలో ఎక్కువైన భాగం ముందు ఏడాది ఖాతాలోకి, అది నిండితే అత్యవసర నిధిలోకి వెళ్లాలి. కుట్టుపని జోరుగా ఉన్న నెలల్లో వచ్చిన డబ్బును మేం చాలాకాలం ఆ నెలలోనే ఖర్చు పెట్టేశాం. పని తగ్గిన నెలల్లో ఇబ్బంది పడేవాళ్లం. సగటు తీసి బడ్జెట్ వేసినా అంతే, తక్కువ వచ్చే నెలలు వరుసగా మూడు వస్తే సగటు మనల్ని ఆదుకోదు.

అత్యవసర నిధి అంటే నిజంగా ఊహించలేనిది జరిగితే వాడేది: ఉద్యోగం పోవడం, హఠాత్తుగా జబ్బు చేయడం. మూడు నుంచి ఆరు నెలల తప్పని ఖర్చు ఉంటే మంచిదంటారు. వినగానే కొండంత అనిపిస్తుంది. ముందు రెండు వారాల ఖర్చు కూడబెట్టండి. మాకు మూడు నెలల ఖర్చు కూడడానికి నాలుగేళ్లు పట్టింది.

ఎక్కడ తగ్గించాలి

పదేళ్లు పద్దు రాశాక నాకు బలంగా నాటుకున్న అభిప్రాయం ఒకటుంది. రోజూ మనసు చంపుకుని చేసే పొదుపు నిలవదు. ఒక్కసారి నిర్ణయం తీసుకుంటే నెల నెలా దానంతటదే మిగిలే పొదుపు నిలుస్తుంది. అందుకే ముందు కట్టుబడి ఉన్న ఖర్చుల మీద ఒక సెలవు రోజు పూర్తిగా పెట్టండి. ఫోన్, ఇంటర్‌నెట్ ప్లాన్లు మీరు వాడేదానికంటే పెద్దవేమో చూడండి. ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యే చందాలన్నీ ఆపి, నెలలోపు ఎవరైనా అడిగిన దాన్ని మాత్రమే మళ్లీ తీసుకోండి. బీమా రెన్యువల్ ముందు మరో రెండు చోట్ల ధర కనుక్కోండి. వాడని బ్యాంకు ఖాతాకు, కార్డుకు ఏటా రుసుము పోతోందేమో చూసి మూసేయండి. మా ఇంట్లో ఆ ఒక్క రోజు పనితో నెలకు వందలో దాదాపు నాలుగు మిగిలింది, ఎవరి పళ్లెంలోనూ ఏదీ తగ్గలేదు.

కరెంటు గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మేం ఏళ్ల తరబడి తప్పు చోట కష్టపడ్డాం. లైటు ఆర్పలేదని పిల్లల్ని కోప్పడేదాన్ని. ఒకసారి మా అమ్మాయి సైన్సు పాఠం చదువుతూ లెక్క వేసి చూపించింది. వస్తువు మీద రాసిన వాట్లను వాడిన గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పది గంటలు వెలిగితే 0.09 యూనిట్. అదే ఒక బకెట్ నీళ్లు, అంటే 20 లీటర్లు, 25 డిగ్రీలు వేడెక్కాలంటే దాదాపు 0.58 యూనిట్ కావాలి. ఆ ఒక్క బకెట్ వేడినీళ్లకు అయ్యే కరెంటుతో ఆ బల్బు 64 గంటలు వెలుగుతుంది. ‘అమ్మా, మన ఇంట్లో రోజుకు ఐదు బకెట్లు’ అంది. ఆ రోజు నుంచి వేడినీళ్ల స్విచ్ స్నానానికి కాస్త ముందు వేసి, అవసరం తీరగానే ఆపేస్తున్నాం. నీళ్ల ఉష్ణోగ్రత కూడా తగ్గించి పెట్టాం. మరిగేలా కాచి, మళ్లీ చన్నీళ్లు కలుపుకోవడంలో అర్థం లేదు.

అంటే వేడి చేసేవి, చల్లబరిచేవి ఎక్కువ తింటాయి. హీటర్, ఏసీ, ఇస్త్రీ పెట్టె, ఎలక్ట్రిక్ పొయ్యి. వీటి దగ్గర పది నిమిషాలు తగ్గించడం బల్బుల దగ్గర పది గంటలు తగ్గించడం కంటే మేలు. బట్టలు రోజుకొకటి కాకుండా వారానికి సరిపడా ఒకేసారి ఇస్త్రీ చేయండి, పెట్టె వేడెక్కే కరెంటు ఒకసారే అవుతుంది. ఇంకొకటి, టీవీ పక్కన ఉండే సెట్‌టాప్ బాక్సు లాంటివి, వాడకపోయినా ప్లగ్గులో ఉండి కరెంటు లాగుతుంటాయి. 10 వాట్లు లాగే బాక్సు ఏడాదంతా అలాగే ఉంటే 87 యూనిట్లు దాటుతుంది. గోడ దగ్గర స్విచ్ ఆపడమే దానికి మందు.

సరుకుల దగ్గర ధర కంటే పారేసేది ముఖ్యం. 2022లో ప్రపంచంలో వినియోగదారుల వరకు చేరిన ఆహారంలో సుమారు 19 శాతం వృథా అయిందని, అందులో 60 శాతం వృథా ఇళ్లలోనే జరిగిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదికలో ఉంది. అది చదివాక ఒక నెల పాటు మేం పారేసినవి కూడా పద్దులో రాశాను. కుళ్లిన ఆకుకూరలు, గడువు దాటిన పెరుగు, ఎక్కువ వండి మిగిలిపోయిన కూర. నెలాఖరుకు కూడితే సరుకుల ఖర్చులో పదో వంతు దాటింది. తక్కువకు వస్తోందని ఎక్కువ కొనడమే అసలు కారణం. ఇప్పుడు వారంలో ఒక రోజు కొత్తగా ఏమీ కొనకుండా, ఇంట్లో ఉన్న వాటితోనే వండుతాను. ఫ్రిజ్‌లో ముందు పాడయ్యేవి ముందు వరుసలో పెడతాను. జాబితా లేకుండా కొట్టుకు వెళ్లను, ఆకలితో అసలు వెళ్లను.

ప్యాకెట్ కొనేటప్పుడు ధరను బరువుతో భాగించి చూడండి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక కాదు. ధర మారకుండా లోపలి బరువు తగ్గిపోయిన ప్యాకెట్లు కూడా వస్తుంటాయి, పాత కవరు ఒకటి దాచి పోల్చుకుంటే పట్టుబడుతుంది.

కొత్త వస్తువు మీద మనసు పడితే మా ఇంట్లో దాన్ని పుస్తకం చివరి పేజీలో తారీకుతో రాస్తాం. వారం తర్వాత కూడా కావాలనిపిస్తే మాట్లాడుకుంటాం. ఆ పేజీలో సగానికి పైగా వస్తువుల గురించి ఎవరూ మళ్లీ అడగలేదు. ప్రయాణ ఖర్చు గురించి నేను చెప్పగలిగింది తక్కువ: పనులన్నీ కలిపి ఒకే తిరుగుడులో పూర్తి చేసుకోవడం, టైర్లలో గాలి సరిగ్గా ఉంచుకోవడం.

తగ్గించకూడనివి కూడా చెప్పాలి. మందులు, ఆరోగ్య బీమా, బండి సర్వీసు, పిల్లల చెప్పులు, పంటి నొప్పికి డాక్టరు. అప్పు కట్టే రోజుల్లో నేను నా పంటి నొప్పిని ఆరు నెలలు ఓర్చుకున్నాను. చిన్న పూడికతో పోయేది వేరు దాకా వెళ్లి, చివరికి ఎన్నో రెట్లు ఖర్చయింది. అలాగే ఇంట్లో ప్రతి ఒక్కరికీ నెలకు కొంత సొంత డబ్బు ఉండాలి, దాని లెక్క ఎవరూ ఎవరినీ అడగకూడదు. అత్తయ్యకు ఆ డబ్బు ఇచ్చిన మొదటి నెల ఆవిడ దాన్ని తీసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అంతకుముందు ప్రతి చిన్నదానికీ కొడుకును అడగాల్సి వచ్చేది. ఆ డబ్బును కోత పెట్టే ఖర్చుగా నేను ఎన్నడూ చూడను.

అప్పు ఉంటే

అప్పుంటే మిగతా పొదుపులన్నిటి కంటే ముందు దాని సంగతి చూడాలి. నెలకు 3 శాతం వడ్డీ అంటే ఏడాదికి 36 అనుకుంటాం. వడ్డీ మీద వడ్డీ కలిస్తే అది 42 శాతం దాటుతుంది. కార్డు మీద 100 బాకీ ఉంది, నెలకు 3 శాతం వడ్డీ, బిల్లులో అడిగిన కనీస మొత్తం 5 శాతం మాత్రమే కడుతూ పోయాం, కొత్తగా ఏమీ కొనలేదు అనుకోండి. ఏడాదిలో మనం కట్టేది 55. ఏడాది చివర ఇంకా మిగిలి ఉండే బాకీ 77. మొదటి ఐదు నెలలు మేం సరిగ్గా ఇదే చేశాం. ‘కనీస మొత్తం’ కడుతున్నాం కాబట్టి అప్పు తీరుతోందని నమ్మాం.

వాయిదాల మీద కొనేటప్పుడు వడ్డీ ఎలా లెక్కిస్తున్నారో అడగండి. ఏడాది అప్పుకు ‘పది శాతమే’ అని చెప్పి, మొదట ఇచ్చిన మొత్తం మీదే ఏడాదంతా వడ్డీ వేసి పన్నెండు వాయిదాలు చేస్తే, తగ్గుతున్న బాకీ మీద చూసినప్పుడు అది సుమారు 18 శాతం అవుతుంది. ఎందుకంటే ప్రతి నెలా అసలు కొంత తిరిగి ఇచ్చేస్తున్నాం, వడ్డీ మాత్రం పూర్తి మొత్తానికే కడుతున్నాం. ఎన్నో అప్పులుంటే అన్నిటికీ కనీస వాయిదా కడుతూ, అదనంగా మిగిలినదంతా ఎక్కువ వడ్డీ ఉన్నదానికి కట్టండి. అది తీరాక ఆ వాయిదా డబ్బును తర్వాతి దానికి కలపండి. మరీ దిగులుగా ఉండి ఒక్క అప్పైనా తీరిందని చూసుకోవాలనిపిస్తే, ముందు చిన్నదాన్ని తీర్చుకోండి. వడ్డీ కాస్త ఎక్కువ పడుతుంది, కానీ మధ్యలో చేతులెత్తేయకుండా నిలబెడితే ఆ మాత్రం ఖర్చు పెట్టవచ్చు.

ఇంట్లో మాట్లాడుకోవడం

పద్దు ఒక్కరే రాసి, ఒక్కరే దాచి, నెలాఖరున అందరి మీదా విరుచుకుపడితే ఆ పుస్తకాన్ని ఇంటిల్లిపాదీ ద్వేషిస్తారు. మొదటి రెండు నెలలు నేను చేసింది అదే. ‘ఇది ఎవరు కొన్నారు, అది ఎందుకు కొన్నారు’ అని అడిగేదాన్ని. మా వారు ఖర్చులు చెప్పడం మానేశారు. మూడో నెల ‘ఏమండీ, ఇకమీద నేను ఎందుకని అడగను, ఎంతో చెప్పండి చాలు’ అన్నాను. మర్నాటి నుంచి ఆయనే వచ్చి రాయించారు.

ఇప్పుడు నెల చివరి ఆదివారం అరగంట కూర్చుంటాం. నేను అంకెలు చదువుతాను. అనుకున్నదానికి, అయినదానికి తేడా ఎక్కువగా ఉన్న రెండు మూడు వరుసల గురించే మాట్లాడుకుంటాం. తేడా మూడు నెలలు వరుసగా వస్తే ఖర్చుది కాదు తప్పు, మనం వేసిన అంకెదే, దాన్ని మారుస్తాం. మా సరుకుల అంకె మొదటి ఏడాదిలో నాలుగుసార్లు మారింది.

పన్నెండు గడుల కాగితాన్ని ఏటా కొత్తగా గీయాలి. ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతూ పోతే పన్నెండేళ్లలో రెట్టింపవుతాయి. 72ను ఆ శాతంతో భాగిస్తే ఎన్నేళ్లో తెలుస్తుంది. కాబట్టి పోయిన ఏడాది అంకెలు ఈ ఏడాదికి సరిపోవు. ఇప్పుడు ఆ కాగితం మా అమ్మాయి గీస్తోంది. పోయినసారి వైద్యానికి 12 రాశాం, 19 అయింది. ఈసారి 18 రాసింది, అత్తయ్య కళ్ల ఆపరేషన్ అయిపోయింది కాబట్టి అంతకంటే అక్కర్లేదని లెక్క. బండి డబ్బు పోయిన ఏడాది ముట్టుకోలేదు. దాన్ని తీసి వేరే దేనికీ వాడొద్దని, ఈ ఏడాది రెండు టైర్లూ మార్చాలని మా వారు పక్కనే రాశారు.